అమ్మమ్మ మాట దారిలో ఉన్నవాళ్ళకి ఎందుకు వినపడదు?

అమ్మా, మీ పాప ప్రశ్న చదివాక పొద్దుటి నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. మిగతావాళ్ళకి కూడా తెలియాలని ముందు ఆ ప్రశ్న మళ్ళీ రాస్తాను. మీరు పర్లాకిమిడిలో ఉంటారు. పాప నాలుగో తరగతి, ఒడియా బడి. అమ్మమ్మ ఉండేది పక్కనే, ఆంధ్రా వైపు పాతపట్నంలో. ఫోన్ పెట్టేశాక పాప అడిగింది: "అమ్మమ్మ మాట గాలిలోంచి వస్తే, దారిలో ఉన్నవాళ్ళందరికీ ఎందుకు వినపడదు?" బడి పుస్తకంలో ఉన్నది ఒడియాలో చదివారట, ఇంట్లో తెలుగులో ఎలా చెప్పాలో మీకు తెలియలేదట.

నేను ముప్ఫై మూడేళ్ళు టెలిఫోన్ పనిలో ఉన్నాను. గజపతి, రాయగడ జిల్లాల ఎక్స్చేంజీలలో లైన్లు లాగాను, కేబుల్ జాయింట్లు వేశాను, చివరి పదేళ్ళు ఫైబర్ పని చేశాను. రిటైరయ్యాక మా వీధి పిల్లలకి ఆదివారాలు ఇవన్నీ చేసి చూపిస్తుంటాను. అందుకని పాపకి ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో కొంత అనుభవం ఉంది.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది. దారిలో వచ్చేది అమ్మమ్మ మాట కాదు. ఆమె మాట ఆమె ఫోన్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి బయలుదేరేవి ఆ మాట కొలతలు. బరంపురంలో ఉన్న పిన్నికి జాకెట్టు కొలతలు ఫోన్‌లో చెప్తే, అక్కడి దర్జీ అక్కడి గుడ్డతోనే కుడతాడు కదా? ఇక్కడి నుంచి గుడ్డ వెళ్ళలేదు, దారం వెళ్ళలేదు, కొలతలే వెళ్ళాయి. మీ చేతిలో ఉన్న ఫోన్ ఆ దర్జీ లాంటిది. అమ్మమ్మ గొంతు కొలతలు అందగానే, మీ ఇంటి గాలితోనే ఆ గొంతును కొత్తగా తయారు చేస్తుంది. పాపకి ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతాదంతా సులువు. ఇది పట్టుబడకుండా టవర్, సిగ్నల్, శాటిలైట్ అంటూ మొదలుపెడితే పిల్లలు ఆ మాటలు బట్టీపడతారు, ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

మొదటి రోజు శబ్దం అంటే ఏమిటో చేతికి తెలిసేలా చేయండి. పాప చేతిని తన గొంతు మీదే పెట్టుకుని "అమ్మా" అనమనండి. లోపల అదురు తెలుస్తుంది. తర్వాత ఒక స్టీలు గిన్నె మీద బెలూన్ రబ్బరు బిగించి కట్టి, దాని మీద చిటికెడు బొంబాయి రవ్వ చల్లండి. దగ్గరగా గట్టిగా అరవమనండి. రవ్వ గెంతుతుంది. మన గొంతు గాలిని అదిలిస్తుంది, గాలి ఆ రబ్బరును అదిలించింది. చెవిలో కూడా అలాంటి పొర ఒకటి ఉంది, అది అదిరితేనే మనకి వినపడుతుంది.

తర్వాత రెండు కాగితం కప్పులు, పది మీటర్ల దారం తీసుకుని డబ్బా ఫోన్ చేయండి. ఇక్కడ తొందరపడకండి, ఒక పూటంతా ఆడుకోనివ్వండి. దారం బిగువుగా ఉంటే మాట వస్తుంది, వదులుగా ఉంటే రాదు. మధ్యలో ఎవరైనా దారాన్ని వేళ్ళతో పట్టుకుంటే ఆగిపోతుంది. గోడ మూల తిప్పి, దారం గోడకి తగిలేలా పెడితే ఆగిపోతుంది. ఇక్కడ పాపని అడగండి: "పాతపట్నం దాకా ఇలా దారం లాగగలమా?" తనే చెప్తుంది, కుదరదని. ఒకవేళ గట్టిగా అరిస్తే? శబ్దం గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న మామయ్యకి మన అరుపు చేరడానికి ముప్పావు గంట పైనే పడుతుంది, అదీ దారిలో చచ్చిపోకుండా ఉంటే. ఫోన్‌లో అయితే "హలో" అనగానే "హలో" వస్తుంది. అంటే దారిలో వచ్చేది శబ్దం కానే కాదని పాపకి తన లెక్కలోనే తేలిపోతుంది.

మరి శబ్దం కాకపోతే ఏమిటి? 1876 మార్చి 10న బోస్టన్‌లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పక్క గదిలో ఉన్న తన సహాయకుడు వాట్సన్‌ని తీగ మీదుగా పిలిచాడు. ఆ తీగలో పోయినది కరెంటు. గొంతు ఎలా హెచ్చుతగ్గులు పోతే కరెంటు కూడా అలాగే హెచ్చుతగ్గులు పోయేలా ఆయన చేశాడు. నేను పనిలో చేరినప్పటి నల్ల ఫోన్లలో మాట్లాడే వైపు ఒక చిన్న బిళ్ళలో బొగ్గు గింజలు ఉండేవి. మాట ఒత్తిడికి గింజలు దగ్గరైతే కరెంటు ఎక్కువ పోయేది, వదులైతే తక్కువ పోయేది. అవతల ఆ కరెంటు ఒక అయస్కాంతాన్ని నడిపిస్తే, అది పల్చటి రేకును అదిలించేది. రేకు అదిరితే గాలి అదిరి, గొంతు మళ్ళీ పుట్టేది.

అప్పట్లో మీ పాప భయపడినట్టే మాటలు కలిసిపోయేవి కూడా. వానాకాలం భూమిలోని కేబుల్ జాయింటులోకి నీళ్ళు దిగితే, ఒక ఇంటివాళ్ళ ఫోన్‌లో ఇంకో ఇంటివాళ్ళ మాటలు వినపడేవి. దాన్ని క్రాస్‌టాక్ అనేవాళ్ళం. ఒకసారి ఒక పెళ్ళి సంబంధం మాటలు పక్క వీధివాళ్ళ చెవిలో పడి పెద్ద గొడవే అయింది. ఆ రాత్రి వానలోనే గొయ్యి తీయించి ఆ జాయింటు మళ్ళీ వేశాను. అప్పట్లో ప్రతి ఫోన్‌కీ రెండు రాగి తీగలు వచ్చేవి, వాటిని జడలా మెలితిప్పి ఉంచేవారు. పక్క తీగల నుంచి పడే ప్రభావం ఆ మెలికల వల్ల దాదాపు కొట్టుకుపోయేది. పాపకి జడ వేసేటప్పుడు ఈ సంగతి చెప్పండి, మర్చిపోదు.

ఇప్పుడు కొలతల దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఇదే. ఒక గళ్ళ కాగితం మీద పాపని కొండల్లా ఒక వంకర గీత గీయమనండి. మన ఊరి నుంచి కనిపించే కొండల వరసలాగే గీయమనండి. మీరు ఇంకో గళ్ళ కాగితం తీసుకుని పక్క గదిలోకి వెళ్ళండి. పాప తన గీత ఎన్నో గడి ఎత్తులో ఉందో వరసగా చదవాలి: మూడు, ఐదు, తొమ్మిది, ఏడు, రెండు... మీరు ఆ ఎత్తుల్లో చుక్కలు పెట్టి కలపండి. మొదటిసారి ఐదేసి గళ్ళకి ఒక అంకె చెప్పమనండి. మీ కొండలు మొండిగా, పాప కొండల్లా లేకుండా వస్తాయి. తర్వాత ప్రతి గడికీ చెప్పమనండి. ఈసారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే పాప ముఖం చూడాలి మీరు!

ఫోన్ చేసేది అచ్చం ఇదే. గొంతు అదురు కూడా ఇలాంటి కొండల గీతే. డిజిటల్ ఎక్స్చేంజీలలో ఆ గీత ఎత్తును సెకనుకి 8000 సార్లు కొలుస్తారు. ఈ ఉపాయాన్ని 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు కనిపెట్టాడు. మనిషి మాటలో ముఖ్యమైన భాగం ఆ కొలతలకి బాగా దొరికిపోతుంది. మొబైల్ ఫోన్ ఇంకా ఒక అడుగు ముందుకు వేస్తుంది. ప్రతి కొలతనీ పంపకుండా, మాటని సెకనులో 50వ వంతు ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎలాంటిదో క్లుప్తంగా రాసి పంపిస్తుంది.

ఆ అంకెల్ని పంపడం ఎలా? ఎనిమిది ప్రమిదలు వరసగా పెట్టండి. ఎడమ నుంచి కుడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని సుద్దతో నేల మీద రాయండి. వెలిగించినవి కలపాలి, వెలిగించనివి వదిలేయాలి. 77 కావాలంటే 64, 8, 4, 1 వెలిగిస్తే చాలు. అన్నీ ఆరి ఉంటే సున్నా, అన్నీ వెలిగితే 255. ఎనిమిది దీపాలతో 256 అంకెలు చెప్పవచ్చు. ఫోన్ లోపల, తీగలో, గాలిలో అన్నిచోట్లా జరిగేది ఈ వెలిగించడం, ఆర్పడమే, ఊహకి అందనంత వేగంగా. దీపావళికి మా వీధి పిల్లలు ప్రమిదలతో తమ వయసు పెట్టి, వచ్చినవాళ్ళని లెక్క కట్టమంటారు.

ఇక గాలిలో ప్రయాణం. మీ టీవీ రిమోట్ తీసుకోండి. దాని ముందున్న చిన్న బల్బు వైపు చూస్తూ బటన్ నొక్కితే కంటికి ఏమీ కనపడదు. అదే ఫోన్ కెమెరాలోంచి, ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలోంచి చూస్తే చాలా ఫోన్లలో మిణుకుమనడం కనిపిస్తుంది. అంటే మన కంటికి కనిపించని వెలుగులు ఉన్నాయి. టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే రేడియో తరంగాలు కూడా అలాంటివే, వెలుగుకి చుట్టాలు. వెలుగులాగే సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. అవి ఈ క్షణంలో మన ఒంటి చుట్టూ, గోడల్లోంచి కూడా పోతున్నాయి. చెవికి గాలి అదురు తప్ప ఇంకేదీ తెలియదు. కాబట్టి పాప ప్రశ్నకి మొదటి సగం జవాబు ఇది: దారిలో ఉన్నవాళ్ళ ఒంటి మీదుగానే అమ్మమ్మ కొలతలు పోతున్నాయి, కానీ అవి చెవికి తెలిసేవి కావు.

రెండో సగం: దారిలో ఉన్నవాళ్ళ ఫోన్లకి ఎందుకు తెలియదు? వాటికి ఆ తరంగాలు తెలుస్తాయి కదా? ఇది పాప తప్పకుండా అడుగుతుంది, లేదా మీరే అడిగించండి. రేడియోలో ఒక్కో స్టేషన్‌కి ఒక్కో చోటు ఉన్నట్టే, ఫోన్లకి టవర్ వేర్వేరు చోట్లు ఇస్తుంది. అవీ చాలకపోతే వంతులు పెడుతుంది. పాత రెండో తరం ఫోన్లలో ఒకే చోటును ఎనిమిది మంది పంచుకునేవారు. వీధి కుళాయి దగ్గర ఎనిమిది బిందెలు పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో చెంబు చొప్పున పట్టినట్టు, సెకనుకి రెండు వందల సార్లకు పైగా వంతు వచ్చేది. మధ్యలో ఆగుతోందని చెవి కనిపెట్టలేదు. ఇప్పటి ఫోర్ జీలో చోట్లని ఇంకా సన్నగా కోసి, ఎవరికి ఎంత కావాలో చూసి సెకనులో వెయ్యో వంతుకి ఒకసారి పంచిపెడతారు. దీని పైన ఇంకో తాళం ఉంది. పిల్లలు 'క' భాష మాట్లాడుకుంటారు కదా, ప్రతి అక్షరం ముందు 'క' పెట్టి? ఆ గుట్టు తెలియనివాడికి అర్థం కాదు. సిమ్ కార్డులో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అదే సంఖ్య కంపెనీ దగ్గర మాత్రమే ఉంటుంది. దానితో ఆ కొలతల్ని కలగాపులగం చేసి గాలిలోకి వదులుతారు. పక్కవాడి ఫోన్‌కి దొరికినా చెత్తలా కనిపిస్తుంది.

దయచేసి ఒక్క మాట. "ఫోన్ శాటిలైట్ నుంచి వస్తుంది" అని పాపకి చెప్పకండి. మన దగ్గర పెద్దవాళ్ళు కూడా ఆకాశం చూపించి ఇదే చెప్తారు. డాబా మీద టీవీ గొడుగు ఉంది చూడండి, దానికి మాత్రం బొమ్మలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న శాటిలైట్ నుంచే వస్తాయి. ఫోన్ మాట అలా పైకి పోయి దిగితే సెకనులో పావు వంతు ఆలస్యమై, మాటకి మాట అడ్డం పడుతుంది. మన ఫోన్ గాలిలో పోయేది దగ్గరి టవర్ దాకానే. టవర్ నుంచి అవతల చాలావరకు భూమిలోని గాజు తీగే. టవర్ మీద గుండ్రటి డప్పుల్లా ఉండేవి కొన్ని చోట్ల ఆ తీగ లేనప్పుడు పక్క టవర్‌తో మాట్లాడటానికి పెట్టినవి.

ఆ గాజు తీగ పేరే ఫైబర్. మన తల వెంట్రుకంత సన్నం. నేను మొదటిసారి దాని కొసలు రెండూ కరిగించి అతికించే మిషన్ తెరలో చూసినప్పుడు చేతులు వణికాయి. వెలుగు అందులో గోడలకి తగిలి తగిలి లోపలే పోతుంది. ఇంట్లో చూపించవచ్చు. ప్లాస్టిక్ సీసాకి కింద చిన్న చిల్లు పెట్టి, నీళ్ళు నింపి, చీకట్లో చిల్లుకి ఎదురుగా అవతల వైపు నుంచి టార్చి వేయండి. సీసా చుట్టూ నల్ల కాగితం చుడితే ఇంకా బాగుంటుంది. వంగి పడే నీటి ధారతో పాటు వెలుగు కూడా వంగి, కింద అరచేతిలో పడుతుంది. మాట మోసేంత మేలైన గాజు చేయవచ్చని 1966లో చార్లెస్ కావ్ చెప్పాడు. అందుకే 2009లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన అరుపుకి ముప్పావు గంట పైన పట్టిన వెయ్యి కిలోమీటర్లు సెకనులో 200వ వంతులో అయిపోతాయి.

ఇప్పుడు మన సరిహద్దు సంగతి. పాతపట్నం ఆటో ఎక్కితే కాసేపట్లో చేరే ఊరు. అయినా అమ్మమ్మ మాట తిన్నగా ఆ గట్టు నుంచి ఈ గట్టుకి రాదు. ఆమె సిమ్ ఆంధ్రా సర్కిల్‌ది, మీది ఒడిశా సర్కిల్‌ది అనుకోండి (సర్కిల్ అంటే ఫోన్ కంపెనీలకి దేశాన్ని విడగొట్టిన ప్రాంతం). ఆమె టవర్ నుంచి కొలతలు ఆంధ్రా వైపు పెద్ద కేంద్రానికి పోయి, అక్కడి నుంచి ఒడిశా కేంద్రానికి వచ్చి, అప్పుడు మీ టవర్‌కి చేరతాయి. పక్క ఊరికి రాసిన ఉత్తరం కూడా సంచిలో పడి పెద్ద ఊరు పోయి వచ్చినట్టే. వందల కిలోమీటర్లు తిరిగినా ఆమె పెదవి కదిలిన వెంటనే వచ్చినట్టే ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ రోజుల్లో శ్రీకాకుళం కోడ్ 08942, బరంపురం కోడ్ 0680. ఆంధ్రా కోడ్‌లు 08తో, ఒడిశావి 06తో మొదలవుతాయి. ఎక్స్చేంజ్ ఆ కోడ్ అంకెలు చూసే ఏ దారిలో తోయాలో తెలుసుకునేది.

మొబైల్‌కి ఊరు లేదు, మరి మీరు ఎక్కడ ఉన్నారో ఎలా తెలుస్తుంది? ఫోన్ జేబులో ఊరికే ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ టవర్‌కి "నేను ఇక్కడున్నాను" అని చెప్తుంది. ఆ సంగతి మీ కంపెనీ పెద్ద పుస్తకంలో రాసుకుంటారు. మీకు ఫోన్ వస్తే ముందు ఆ పుస్తకం తీసి, మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో చూసి, ఆ ప్రాంతపు టవర్లన్నిటిలో పిలుస్తారు. రైల్వే స్టేషన్లో మైకులో "ఫలానా వారు ఎక్కడ ఉన్నా ఆఫీసు దగ్గరికి రావాలి" అన్నట్టు. మీ ఫోన్ ఒక్కటే జవాబిస్తుంది. మన దగ్గర ఫోన్ ఒక్కోసారి ఇంట్లో ఉండగానే ఆంధ్రా టవర్ పట్టుకోవడం, తెలుగులో స్వాగతం మెసేజ్ రావడం మీరు చూసే ఉంటారు. ఫోన్‌కి రాష్ట్రం హద్దు తెలియదు, దానికి కావాల్సింది గట్టిగా వినపడే టవర్. రోమింగ్‌లో వచ్చిన కాల్‌కీ డబ్బులు కట్టే రోజుల్లో ఆ టెన్షన్‌తో మనవాళ్ళు వీధి అరుగు వదిలి వెనక గదిలోకి పరిగెత్తి మాట్లాడేవారు.

కొండ అవతలి ఊళ్ళలో సిగ్నల్ ఎందుకు ఉండదని కూడా అడుగుతుంది. టార్చి వెలుగుకి కొండ ఎలా అడ్డమో, ఈ తరంగాలకీ అంతే. కాస్త వంగుతాయి గానీ కొండని దాటలేవు. అందుకే ఘాట్ రోడ్డులో ఒక మలుపులో మాట ఉంటుంది, ఇంకో మలుపులో పోతుంది.

చివరగా తుఫాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లాలో కొండ చరియలు విరిగిపడ్డాయి. అప్పుడు నిలబడి ఉన్న టవర్లు కూడా మూగబోయాయి. పాపకి రెండు కారణాలు చెప్పండి. టవర్‌కి కరెంటు కావాలి. అది పోతే బ్యాటరీ కొన్ని గంటలు మోస్తుంది, ఆ తర్వాత జనరేటర్‌కి డీజిల్ కావాలి. రోడ్లు తెగితే డీజిల్ రాదు. రెండోది, కొండ జారి భూమిలోని గాజు తీగ తెగిపోతే, టవర్ మీ మాట విన్నా దాన్ని పంపడానికి దారి లేదు. ఆ వారం మేము నడుచుకుంటూ మట్టి తవ్వి తెగిన కొసలు వెతికాం. ఒక కొస అతికిన తర్వాత అటువైపు నుంచి ఎవరో అమ్మాయి "నాన్నా, బాగున్నారా" అని ఏడుస్తూ మాట్లాడటం పక్కనున్న ఒకాయన ఫోన్‌లో విన్నాను. అలాంటప్పుడు కాల్ కలవకపోతే మెసేజ్ పెట్టమని పిల్లలకి నేర్పండి. కాల్‌కి రెండు వైపులా దారి ఖాళీగా ఉండాలి, మెసేజ్‌కి కాస్త సందు చాలు, లేకపోతే ఆగి మళ్ళీ వెళ్తుంది. ప్రమాదం అయితే 112.

ఒడియా పుస్తకం గురించి టెన్షన్ పడకండి. అందులోని ధ్వని మనకీ ధ్వనే, తరంగ అంటే తరంగం, కంపన అంటే కంపనం, ఆలోక అంటే వెలుగు. పాప బడిలో ఆ మాటలు రాస్తుంది, ఇంట్లో అదురు, అల, వెలుగు అంటుంది. ఈ ఆదివారం డబ్బా ఫోన్‌తో మొదలుపెట్టండి. కప్పు అడుగున చిల్లు సూదంతే ఉండాలి, దారం కొసకి అగ్గిపుల్ల ముక్క కట్టి లోపల ఆపితే ఊడిపోదు. గళ్ళ కాగితం ఆట మాత్రం అమ్మమ్మతోనే ఆడించండి, ఫోన్‌లో. పాప ఇక్కడ అంకెలు చదవాలి, ఆవిడ పాతపట్నంలో కొండలు గీయాలి.